మొదటి జీతం, తరువాతి జీవితం

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

మొన్న జూన్ నెలలో ఒకరోజు సాయంత్రం, మా కాలనీలో ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆవిడ బట్టలు తెచ్చి ఇచ్చింది. డబ్బులు తీసుకున్నాక కూడా వెళ్ళకుండా గుమ్మంలో నిలబడిపోయింది. ఏమిటమ్మా అని అడిగాను. "మావాడు పదో తరగతి పాసయ్యాడు గదమ్మగారూ, పాలిటెక్నిక్‌లో సీటు కూడా వచ్చింది. ఈలోగా బజార్లో సెల్‌ఫోన్ల షాపాయన నెలకు తొమ్మిది వేలిస్తాను, పిల్లాణ్ణి పంపించమంటున్నాడు. మీరు రేడియోలో నాలుగు విషయాలు చెబుతుంటారు. చదివించమంటారా, పనిలో పెట్టమంటారా?" అంది.

నేను వెంటనే "చదివించమ్మా" అనేశాను. అనడానికేం, నోరు తెరిస్తే చాలు. ఆవిడ వెళ్ళాక నా మాట నాకే మరీ తేలిగ్గా అనిపించింది. తొమ్మిది వేలంటే ఆ ఇంటికి అద్దె, బియ్యం, గ్యాసు. ఆవిడ భర్తకు మోకాళ్ళ నొప్పులు, పనిలోకి వెళ్ళలేడు. మూడేళ్ళ చదువంటే మూడేళ్ళపాటు ఆ తొమ్మిది వేలు రావన్నమాట. కడుపు నిండినవాళ్ళు చెప్పే సలహా, పొయ్యి మీద ఎసరు పెట్టి ఎదురుచూసే వాళ్ళకు ఎలా వినిపిస్తుందో ఆలోచించారా?

ఇది ఆ ఒక్క ఇంటి సమస్య కూడా కాదు. చిన్న వయసులో పనిలో చేరిన పిల్లలకు ఎంత జీతం ఇవ్వాలి? ఆ జీతం పదేళ్ళ తరువాత వాళ్ళ బ్రతుకును ఏం చేస్తుంది? ఈ ప్రశ్నల మీద నూట ముప్పై ఏళ్ళుగా దేశదేశాల్లో చట్టాలు చేశారు, సమ్మెలు జరిగాయి, పండితులు వాదులాడుకున్నారు. దాన్నే కనీస వేతనాల చరిత్ర అంటారు. పేరు వినగానే ఇదేదో ఆఫీసుల గొడవ అని పేజీ తిప్పేయకండి. ఈ కథ మొదలైంది ఫైళ్ళ దగ్గర కాదు, కుట్టుపని గదిలో. అదీ మనలాంటి ఆడపిల్లలతో.

ముందు నా సంగతి ఒకటి చెప్పుకోవాలి. మెట్రిక్ అయ్యాక మా ఇంట్లో పై చదువు వద్దన్నారు. సరే, కుట్టుపని నేర్చుకుంటానని మా ఊళ్ళో ఒక టైలరింగు షాపులో చేరాను. నేర్పినందుకు ఫీజు లేదు, పని చేసినందుకు జీతం లేదు. అదీ ఒప్పందం. ఏడాదిపాటు పొద్దున్న పదింటికి వెళ్ళి సాయంత్రం ఆరింటికి వచ్చేదాన్ని. కాజాలు తీశాను, హుక్కులు కుట్టాను, చీరలకు ఫాల్స్ వేశాను, అంచులు మడిచి చేతికుట్టు వేశాను. కత్తెర మాత్రం నా చేతికి రాలేదు. కొలతలు తీసుకోవడం, గుడ్డ పరిచి గీత గీయడం, కత్తిరించడం, అసలు విద్య అంతా ఉన్నది అక్కడే కదూ! ఆ బల్ల దగ్గరికి మమ్మల్ని రానివ్వలేదు. ఏడాది నిండాక భయపడుతూ జీతం మాట ఎత్తాను. "నీకింకా పని ఎక్కడొచ్చిందమ్మా?" అన్నారు. మరుసటి వారానికి నా పీట మీద ఇంకో అమ్మాయి కూర్చుని కాజాలు తీస్తోంది. ఆ షాపు పేరెందుకు లెండి. చాలా ఏళ్ళు ఆ తప్పు నాదే అనుకున్నాను, నా చేతికి విద్య అబ్బలేదేమోనని.

సరిగ్గా ఇదే కథ 1890లలో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో ఎందరో ఆడపిల్లలకు జరిగిందని తరువాతెప్పుడో చదివి తెల్లబోయాను.

మెల్‌బోర్న్ విక్టోరియా ప్రాంతానికి రాజధాని. అక్కడ 1890ల మొదట్లో భూముల బేరాలు కుప్పకూలి, బ్యాంకులు మూతపడి, జనం పనుల కోసం అల్లాడిపోయారు. అలాంటి రోజుల్లో బట్టలు కుట్టించే యజమానులు ‘నేర్చుకునేవాళ్ళు’ అనే పేరుతో ఆడపిల్లలను జీతం లేకుండా చేర్చుకునేవారు. వాళ్ళు పని నేర్చి జీతం అడిగే వేళకు పంపించేసి, ఆ చోట మరొక పిల్లను కూర్చోబెట్టేవారు. ‘ది ఏజ్’ అనే అక్కడి దినపత్రిక ఈ చెమట పిండే పద్ధతి మీద గట్టిగా రాసింది. 1895లో దీన్ని ఎదిరించడానికి ఒక సంఘం ఏర్పడింది. 1896లో చట్టం వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే, 1894లో, పక్కనున్న న్యూజిలాండ్ యజమానులకూ పనివాళ్ళకూ మధ్య తగవులు తీర్చి జీతాలు ఖాయం చేసే కోర్టు ఏర్పాటు చేస్తూ చట్టం చేసింది. ప్రపంచంలో కనీస వేతనాలకు ఈ రెండు చోట్లనూ పుట్టిళ్ళుగా చెబుతారు.

ఆ 1896 చట్టంలో రెండు సంగతులు మన కథకు ముఖ్యం. మొదటిది: ఫ్యాక్టరీలో గానీ పనిగదిలో గానీ ఎవరిని పెట్టుకున్నా, వారానికి రెండు షిల్లింగుల ఆరు పెన్నీలకు తక్కువ ఇవ్వకూడదు. ఇదేమంత పెద్ద మొత్తం కాదు, దాంతో ఎవరి కడుపూ నిండదు. కాని ‘ఊరికే పని చేయించుకోవడం’ అనేది ఆ రోజుతో నేరమైంది. రెండవది: బట్టలు, బూట్లు, రొట్టెలు, కుర్చీలు బల్లలు వంటి కొన్ని పనులకు బోర్డులు పెట్టారు. యజమానుల తరఫున కొందరు, పనివాళ్ళ తరఫున కొందరు కూర్చుని జీతాలు నిర్ణయించాలి. జీతాలతోపాటు, ఒక చోట పూర్తి పనివాళ్ళు ఇంతమంది ఉంటే నేర్చుకునేవాళ్ళు ఇంతకు మించి ఉండకూడదని కూడా ఆ బోర్డులు నిర్ణయించవచ్చు.

ఈ రెండో నియమం చూశారా? నాకు చాలా నచ్చింది. ఒక షాపులో చేయి తిరిగిన మనిషి ఒక్కరూ, నేర్చుకునేవాళ్ళు పదిమందీ ఉంటే అది బడి కాదు, చవకగా పని లాక్కునే చోటు. ఆ పదిమందికీ రేపు అదే ఊళ్ళో పూర్తి జీతం ఇచ్చే చోటు ఉండదు. పిల్ల ఈవేళ ఎంత తెచ్చుకుంటుంది అన్నదే కాక, రేపు ఏమవుతుంది అన్నది కూడా ఆ నియమంలో ఉంది.

ఆ దేశంలోనే 1907లో హిగ్గిన్స్ అనే న్యాయమూర్తి, కోతయంత్రాల ఫ్యాక్టరీ కేసులో, మామూలు కూలీకి రోజుకు ఏడు షిల్లింగులు తగిన జీతమని తీర్పు చెప్పాడు. యజమానికి ఎంత గిట్టుతుంది అన్నది ఆయన కొలబద్ద కాదు. ఒక మగవాడు, భార్య, ముగ్గురు పిల్లలు నాగరికంగా బ్రతకడానికి ఎంత కావాలి అని లెక్క వేశాడు. ఆడవాళ్ళ జీతం దగ్గరికి వచ్చేసరికి ఇదే లెక్క మనకు అన్యాయం చేసింది. మగవాడు ఇల్లు నడుపుతాడు గనక ఆడదానికి తక్కువ చాలు అన్నారు. అది వేరే ప్రసంగం అవుతుంది. ఇప్పటికి ఒక్క ముక్క గుర్తుంచుకోండి: పెద్దవాళ్ళ జీతం పిల్లల కోసం కూడా అన్న మాట అక్కడ కోర్టులో నిలబడింది.

ఇక ఇంగ్లండుకు వద్దాం. బర్మింగ్‌హామ్ దగ్గర క్రాడ్లీ హీత్ అనే ఊరు. అక్కడి ఆడవాళ్ళు ఇంటి వెనక పాకల్లో కొలిమి పెట్టుకుని ఇనుప గొలుసులు చేసేవారు. వేలెడు పిల్లలు కొలిమి పక్కనే పెరిగేవారు. చేయి సాగిన పిల్లలు తల్లి పక్కన నిలబడి సుత్తి పట్టేవారు. 1909లో బ్రిటిషు పార్లమెంటు వేతన బోర్డుల చట్టం చేసి, మొదటగా నాలుగు పనులు ఎంచుకుంది. గొలుసులు చేయడం, రెడీమేడ్ బట్టలు కుట్టడం, అట్టపెట్టెలు చేయడం, లేసు పని. నాలుగింటిలోనూ ఆడవాళ్ళే ఎక్కువ. గొలుసుల బోర్డు గంటకు రెండున్నర పెన్నీలు అని తేల్చింది. చాలామందికి అది ఉన్న కూలికి ఇంచుమించు రెట్టింపు. యజమానులేం చేశారంటే, "ఆరు నెలలపాటు పాత రేటుకే చేస్తాము" అని కాగితాల మీద సంతకాలు పెట్టించుకోబోయారు. చదువు రాని ఆడవాళ్ళు వేలిముద్ర వేస్తే చాలు గదా!

అప్పుడు మేరీ మెకార్థర్ అనే ముప్పై ఏళ్ళ యువతి వచ్చి వాళ్ళను కూడగట్టింది. 1910 ఆగస్టులో మొదలైన పోరాటం పది వారాలు నడిచింది. ఊరేగింపులో పేషెన్స్ రౌండ్ అనే 79 ఏళ్ళ ముసలమ్మ కూడా ఉంది. పేషెన్స్ అంటే సహనం. పేరుకు తగ్గట్టు జీవితమంతా సహించింది, చివరికి సహించనంది. అక్టోబరులో గెలిచారు. దేశం నలుమూలల నుంచి వచ్చిన చందాల్లో మిగిలిన డబ్బుతో వాళ్ళేం చేశారో తెలుసా? పంచుకోలేదు. చదువుకోవడానికి, సభలు జరుపుకోవడానికి ఒక భవనం కట్టుకున్నారు. 1912లో దాన్ని తెరిచారు. నా కంటికి ఆ సమ్మె మొత్తంలో అదే గొప్ప సంగతి. కూలి పెరగ్గానే వాళ్ళకు తట్టినది విద్య.

అదే కాలంలో ఇంగ్లండును ఇంకో చింత పట్టుకుంది. పదమూడు పద్నాలుగేళ్ళకు బడి మానేసిన మగపిల్లలు సామాన్ల బండి వెంబడి తిరగడానికి, కబుర్లు మోయడానికి చేరేవారు. ఆ వయసుకు ఆ డబ్బు బాగానే ఉండేది, చేతి పని నేర్చుకునే కుర్రాడికి వచ్చేదానికంటే ఎక్కువే. కాని పద్ధెనిమిదేళ్ళు దాటి పెద్దవాళ్ళ జీతం అడిగే వయసు రాగానే తీసేసేవారు. అప్పటికి చేతిలో ఏ విద్యా ఉండదు. ఇలాంటి పనులకు ‘దారి మూసుకుపోయిన సందు’ అని పేరు పెట్టారు. పేదల చట్టం మీద వేసిన రాజ కమిషన్‌లో సభ్యురాలు బియాట్రిస్ వెబ్, 1909లో తన వర్గం తరఫున ఇచ్చిన వేరు నివేదికలో దీన్ని ఎత్తిచూపింది. పద్ధెనిమిదేళ్ళ లోపు వాళ్ళకు పనిగంటలు బాగా తగ్గించి, మిగతా సమయం వృత్తివిద్య బడిలో గడిపించాలని చెప్పింది. ఆ మాట అప్పట్లో అమలు కాలేదు.

ఇక్కడ ఒక చిక్కు కనిపిస్తుంది. నేర్చుకునే పిల్లకు జీతమే లేకపోతే నా కాజాల కథ అవుతుంది. నేర్చుకోని పిల్లవాడికి మంచి జీతం దొరికితే బండి కుర్రాడి కథ అవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అమెరికా వాళ్ళు ఈ చిక్కును లెక్కలతో విప్పాలని చూశారు. అక్కడ 1912లో మసాచుసెట్స్ రాష్ట్రం ఆడవాళ్ళకూ పిల్లలకూ కనీస వేతన చట్టం చేసింది. 1938లో దేశమంతటికీ చట్టం వచ్చింది. దాని వెనక నిలబడిన కార్మిక మంత్రి ఫ్రాన్సెస్ పెర్కిన్స్, ఆ దేశ మంత్రివర్గంలో కూర్చున్న మొదటి మహిళ. గంటకు 25 సెంట్లు కనీసం అన్నారు. రాష్ట్రాల మధ్య అమ్మే సరుకు తయారయ్యే చోట పదహారేళ్ళ లోపు పిల్లలను పెట్టకూడదన్నారు. చూడండి, ఒక చేత్తో జీతానికి నేల వేశారు, రెండో చేత్తో పిల్లవాణ్ణి బడి వైపు తిప్పారు. ఆ రెండూ ఒకే చట్టంలో ఉన్నాయి. అయితే నేర్చుకునేవాళ్ళకు ప్రత్యేక పత్రం మీద కొంత తక్కువ ఇవ్వడానికి వీలు కూడా అందులోనే పెట్టారు.

ఆ తరువాత పండితుల వాదం మొదలైంది. కనీస వేతనం పెంచితే యజమానులు చిన్నవాళ్ళను పెట్టుకోవడం మానేస్తారని చాలామంది నమ్మేవారు. 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ రాష్ట్రం గంట జీతాన్ని 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ రాష్ట్రంలోనూ, జీతం పెరగని పక్క రాష్ట్రం పెన్సిల్వేనియాలోనూ కలిపి 410 ఫలహారశాలలను కనుక్కున్నారు. వీటిలో పని చేసేది ఎక్కువగా కుర్రకారే. న్యూజెర్సీలో పనులు తగ్గినట్టు కనిపించలేదని 1994లో రాశారు. లోకం నివ్వెరపోయింది. డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ అనే మరో ఇద్దరు జీతాల రికార్డులు తెప్పించి చూసి, కాదు, తగ్గాయన్నారు. ఆ తగవు ఏళ్ళ తరబడి సాగింది. 2021లో కార్డ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. క్రూగర్ అప్పటికి రెండేళ్ళ క్రితమే కన్నుమూశాడు.

కాని అసలు మన ప్రశ్న వేరు. ఈ ఏడు పని దొరికిందా లేదా అని కాదు గదా ఇస్త్రీ ఆవిడ అడిగింది. పదేళ్ళ తరువాత సంగతి అడిగింది. ఆ ప్రశ్నను ఎత్తుకున్నవాళ్ళు న్యూమార్క్, ఒలెనా నిజలోవా. వాళ్ళ పరిశోధన 2007లో అచ్చయింది. టీనేజీ వయసులో ఎక్కువ కనీస వేతనం ఉన్న రాష్ట్రాల్లో గడిపినవాళ్ళు ఇరవైల చివర్లో ఎలా ఉన్నారని చూశారు. మిగతావాళ్ళకంటే తక్కువ పని, తక్కువ సంపాదన కనిపించాయి. నల్లజాతి యువకుల్లో ఈ తేడా మరీ ఎక్కువ. కారణమేమై ఉంటుంది? ఆ వయసులో పని దొరకనివాడికి పనిలో వచ్చే అనుభవం పోయింది. దొరికినవాడు ఆ జీతం చూసి చదువు మానేసి ఉండవచ్చు. జీతం ఎక్కువ ఇస్తున్నాము గదా అని యజమాని నేర్పడం తగ్గించి ఉండవచ్చు. వాళ్ళ లెక్కనే ఆఖరి మాటగా అందరూ ఒప్పుకోలేదు. అయినా మన ఇళ్ళలో మనం చూసేదానికి ఇదెంత దగ్గరగా ఉంది! మొదటి జీతం తీపి. ఆ తీపిలో చదువు పుస్తకం అటకెక్కిన పిల్లలు మనకు తెలియనివాళ్ళా?

బ్రిటన్ ఇంకో దారి తొక్కింది. 1999 ఏప్రిల్‌లో దేశమంతటికీ కనీస వేతనం పెట్టినప్పుడు పెద్దవాళ్ళకు గంటకు 3.60 పౌండ్లు, 18 నుంచి 21 ఏళ్ళ వాళ్ళకు 3 పౌండ్లు అన్నారు. 16, 17 ఏళ్ళ వాళ్ళకు అసలు పెట్టనే లేదు. వాళ్ళను జీతం బడి నుంచి లాగేయకూడదన్న జాగ్రత్త అందులో ఉంది. కాని జీతానికి నేల లేకపోయేసరికి కొందరు పిల్లలను మరీ హీనంగా చూశారు. 2004 అక్టోబరులో వాళ్ళకూ 3 పౌండ్లు పెట్టారు. 2010లో పని నేర్చుకునే అప్రెంటిసులకు విడిగా 2.50 పౌండ్లు పెట్టారు. వయసుకో మెట్టు, నేర్చుకోవడానికో మెట్టు. మెట్లు కట్టడం బాగానే ఉంది గానీ, ‘అప్రెంటిస్’ అని పేరు పెట్టి చీపురు మాత్రమే చేతికిస్తే ఆ మెట్టు ఎక్కడికీ తీసుకుపోదు. 1896 నాటి ప్రశ్న 2010లోనూ అలాగే ఉంది.

ఇక మన దేశం సంగతి. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడే, 1948లో, కనీస వేతనాల చట్టం చేసుకున్నాం. బియ్యం మిల్లులు, పిండి మరలు, నూనె మిల్లులు, బీడీలు, వ్యవసాయం వంటివి అందులో ఉన్నాయి. పెద్దవాళ్ళకు, ఎదిగే వయసువాళ్ళకు, పిల్లలకు, అప్రెంటిసులకు వేరు వేరు రేట్లు పెట్టవచ్చని అందులో రాశారు. పిల్లలకు రేటు పెట్టడమంటే వాళ్ళు పనిలో ఉంటారని చట్టమే ఒప్పుకున్నట్టు గదా! 1961లో అప్రెంటిసుల చట్టం వచ్చింది. అప్రెంటిసు నేర్చుకునేవాడే గాని కార్మికుడు కాడని అది చెప్పింది. కనుక అతనికి దక్కేది జీతం కాదు, స్టయిపెండు. నేర్పే చోట దొరికితే అది వరం. నేర్పని చోట పడితే నా పీట లాంటిదే.

1957లో ఢిల్లీలో జరిగిన పదిహేనవ భారత కార్మిక సమావేశం కనీస వేతనం ఎలా లెక్క వేయాలో తీర్మానించింది. ఒక సంపాదనపరుడు, అతని మీద ఆధారపడ్డ కుటుంబం, మనిషికి ఏడాదికి పద్ధెనిమిది గజాల బట్ట, ఇంత తిండి, ఇంటి అద్దె, వంటచెరకు, దీపాలు. ఆ తీర్మానంలో ఒక మంచి ముక్క ఉంది. ఆడవాళ్ళు, పిల్లలు, ఎదిగే వయసువాళ్ళు తెచ్చే సంపాదనను లెక్కలోకి తీసుకోకూడదు అన్నారు. అంటే పిల్లవాడు పనికి వెళ్ళకుండానే ఇల్లు గడవాలి. కాని ఆ లెక్కలో పిల్లల చదువు ఖర్చుకు ఒక్క పైసా లేదు. మరి ముప్పై నాలుగేళ్ళ తరువాత, 1991లో, ఒక మందుల కంపెనీ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు దాన్ని సరిదిద్దింది. పిల్లల చదువు, వైద్యం, పండుగలు, ముసలితనం, పెళ్ళిళ్ళు, వీటికోసం కనీస వేతనంలో 25 శాతం ఉండాలంది. తల్లిదండ్రుల కూలి డబ్బుల్లో పిల్లవాడి పుస్తకం ఉండాలని చెప్పిన తీర్పు అది. 1948 చట్టం 2019 నాటి వేతనాల కోడ్‌లో కలిసిపోయింది. ఆ కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది.

చట్టం గుమ్మం దాటి ఇంట్లోకి రావడం మాత్రం కష్టం. నిజామాబాదు, జగిత్యాల వైపు ఇళ్ళలో బీడీలు చుట్టే తల్లులను తలుచుకోండి. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. వెయ్యి పూర్తి కాకపోతే పక్కన కూర్చున్న కూతురి వేళ్ళు సాయానికి వస్తాయి. 1986 బాలకార్మిక చట్టం బీడీ పనిలో పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను నిషేధించింది గాని, కుటుంబంతో కలిసి ఇంట్లో చేసే పనిని వదిలేసింది. క్రాడ్లీ హీత్ పాకలో తల్లి పక్కన సుత్తి పట్టిన పిల్లకూ, మన ముంగిట్లో తల్లి పక్కన ఆకు కత్తిరించే పిల్లకూ తేడా ఏముంది? తల్లికి వచ్చే రేటు తక్కువైన చోట పిల్ల చెయ్యి అందులో పడుతుంది.

దీనికి సాక్ష్యం మన దగ్గరే ఉంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆడామగా తేడా లేని కూలి, పద్ధెనిమిదేళ్ళు నిండినవాళ్ళకే పని. ఫర్జానా అఫ్రిది, మరి ఇద్దరు ఆర్థికవేత్తలు ఆంధ్రప్రదేశ్ పిల్లల వివరాలు తీసుకుని పరిశీలించారు. తల్లి ఆ పనికి వెళ్ళిన ఇళ్ళలో పిల్లలు బడిలో ఎక్కువ సమయం గడిపారనీ, తరగతులు సరిగ్గా దాటారనీ 2016లో చెప్పారు. అయితే దేశం మొత్తం మీద చూసిన మనీషా షా, బ్రైస్ స్టైన్‌బర్గ్ ఇంకోటి చెప్పారు. ఊళ్ళో పనులూ కూలీ పెరిగినప్పుడు 13 నుంచి 17 ఏళ్ళ పిల్లలు కొంతమంది బడి వదిలి పనిలోకి జారారు. పెద్దవాళ్ళు పనికి పోతే ఇంటి చాకిరీ ఆడపిల్లల మీద పడింది. రెండు మాటలూ పెట్టుకు చూస్తే నాకు ఇలా తోస్తోంది. అమ్మకు పెరిగిన కూలి బిడ్డను బడిలో నిలబెట్టగలదు. కాని పదిహేనేళ్ళవాడి కళ్ళకు పని కూడా అందులోనే మెరుస్తుంది. ఆ వయసులో వాణ్ణి ఆపేది ఇంట్లో ఉన్న ధైర్యం, బడి చూపించే దారి.

ఇంత చదివాక మళ్ళీ ఆవిడను పిలిచి మాట్లాడాను. "షాపాయన్ని మూడు మాటలు అడుగమ్మా. ఫోన్లు రిపేరు చేయడం నేర్పుతాడా, ఉత్తినే అమ్మిస్తాడా? ఏడాదికి జీతం ఎంత పెంచుతాడు? ఇంతకుముందు ఆయన దగ్గర చేరిన పిల్లలు ఇప్పుడెక్కడున్నారు?" అన్నాను. మూడో ప్రశ్నే ముఖ్యమైనది. వెనకటివాళ్ళ గతి చూస్తే ముందటివాడి దారి తెలుస్తుంది. ఆవిడ వెళ్ళి అడిగి వచ్చింది. రిపేరుకు వేరే మనిషి ఉన్నాడట. పాత కుర్రాళ్ళు ఏడాదికొకరు మారుతుంటారట.

నేను నా జ్ఞానమంతా చెప్పడం అయ్యాక ఆవిడ మెల్లగా అంది, "అదంతా సరేనమ్మగారూ. బట్టకు ఎనిమిది రూపాయలు మీరంతా ఇచ్చేది నాలుగేళ్ళుగా అదే. బొగ్గుల బస్తా ధర మాత్రం ఆగిందా? బట్టకు రెండు రూపాయలు పెంచితే వాణ్ణి పనిలో పెట్టాలని నాకెందుకుంటుంది?"

నాకు నోట మాట రాలేదు. మెల్‌బోర్న్ నుంచి అనంతపురం దాకా తిరిగి వచ్చాను గాని, నా గుమ్మం ముందున్న రేటు నాకు కనబడలేదు. ఆవిడకు ఏ వేతన బోర్డూ లేదు. ఆవిడ ఎవరి దగ్గరా నౌకరు కాదు గనక కనీస వేతనాల చట్టమూ ఆవిడకు వర్తించదు. ఆవిడకు బోర్డు మనమే. ఆవిడ కూలి నిర్ణయించేది నెలాఖరున మనం గీచి గీచి ఆడే బేరం.

రోజుకు అరవై బట్టలనుకున్నా, రెండేసి రూపాయలు పెరిగితే నెలకు మూడు వేల ఆరు వందలు. షాపాయన ఇచ్చే తొమ్మిది వేలకు అది సాటి రాదు. కాని ఇంటి అద్దెకు దాదాపు సరిపోతుంది. మా కాలనీలో నలుగురం కూర్చుని మాట్లాడుకుని జూలై నుంచి పదేసి రూపాయలు చేశాం. ఇద్దరు ముగ్గురు ముఖం చిట్లించారు, అది సహజమే. పిల్లవాడు పాలిటెక్నిక్‌లో చేరాడు. మూడేళ్ళ తరువాత ఏమవుతాడో చెప్పడానికి నేనెవర్ని? కనీసం దారి మూసుకుపోయిన సందులో మాత్రం లేడు.

అక్కయ్యలూ, చెల్లెళ్ళూ! మన ఇళ్ళకు వచ్చే ఇస్త్రీ ఆవిడను, పాచి పనికి వచ్చే ఆవిడను, కూరల బుట్ట దించే ముసలమ్మను ఈసారి రెండు రూపాయల కోసం బేరమాడేటప్పుడు, ఆ రెండు రూపాయల వెనక బడికి పోయే ఒక పిల్లో పిల్లవాడో ఉండవచ్చునని గుర్తు పెట్టుకోండి. మీ పిల్లలు, మీకు తెలిసిన పిల్లలు మొదటిసారి పనిలో చేరేటప్పుడు జీతం ఎంత అని అడగండి, తప్పక అడగండి. నాలాగా ఊరికే ఏడాది పోగొట్టుకోవద్దు. కాని అక్కడితో ఆగకండి. కత్తెర ఎప్పుడు చేతికిస్తారు అని కూడా అడగండి.

ఇక సెలవు.